ఎర్ర ఉల్లి, పసుపు ఉల్లి, తెల్ల ఉల్లి: ఫ్లేవనాయిడ్లు ఎందులో ఎక్కువ?

ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైనంత ముందు చెప్పేస్తాను. మీరు టెక్సస్‌లో ఉంటున్నారు. నంద్యాల నుంచి మీ అత్తగారు వచ్చారు, ఆవిడకి షుగరు. "ఎర్రగా ఉంటేనే ఎర్రగడ్డ, ఈ పచ్చవి ఉత్త నీళ్లు" అని ఆవిడ పట్టుబట్టి, ఇండియన్ స్టోరుకి వెళ్లి రెట్టింపు ధర పెట్టి ఎర్రవి తెప్పిస్తున్నారు. మీ ఆయనేమో పసుపు ఉల్లి బస్తా మోసుకొస్తున్నారు. ఈలోపు "ఫ్లేవనాయిడ్లు ఎర్ర ఉల్లిలోనే ఉంటాయి" అని వాట్సాప్‌లో ఒక ఫార్వర్డు వచ్చింది. (ఫ్లేవనాయిడ్లంటే మొక్కలు తయారుచేసుకునే ఒక తరహా పదార్థాలు, ఉల్లి రంగులు వాటివే.) షాపులో తెల్లవీ, స్వీట్ ఆనియన్లూ కూడా ఉన్నాయి. ఏది కొనాలి, తేడా నిజంగా అంత ఉందా? క్వెర్సెటిన్ (ఉల్లిలో ముఖ్యమైన ఫ్లేవనాయిడ్) మాత్రలు కొనాలా, ఉల్లిపొట్టు కషాయం తాగొచ్చా అని కూడా అడిగారు.

సూటిగా: పసుపు ఉల్లి ఎర్ర ఉల్లికి ఏమీ తీసిపోదు. తెల్ల ఉల్లి మాత్రం చాలా వెనక. ఎర్రా పసుపా అన్న గొడవ కంటే, ఒలిచేటప్పుడు ఎన్ని పొరలు చెత్తబుట్టలో వేస్తున్నారన్నదే మీ ఇంట్లో ఎక్కువ తేడా తెస్తుంది. బస్తా విషయంలో మీ ఆయన గెలిచినట్టే. అయితే మీ అత్తగారి మాటలో కూడా కొంత నిజం ఉంది, అది కింద చెప్తాను.

నాది కర్నూలు పక్క. ఆహార పదార్థాలు పరీక్షించే ల్యాబులో ఇరవై రెండేళ్లు చేశాను. ఎగుమతికి పోయే గడ్డలు, ఉల్లి పొడి ఫ్యాక్టరీల శాంపిళ్లు, రైతులు సంచిలో వేసుకుని తెచ్చి "ఏముందో చూడు సార్" అని ఇచ్చినవి, అన్నీ నా బల్ల మీదుగా పోయినవే.

యంత్రంలో ఇది ఎలా కనిపిస్తుందో చెప్తే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. ఉల్లి ముక్కల్ని మిథనాల్ వేసి నూరి, వడగట్టి, ఆ రసాన్ని హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రంలోకి ఎక్కిస్తాం, కలిసి ఉన్న పదార్థాల్ని అది విడదీసి కొలుస్తుంది. 360 నానోమీటర్ల కాంతిలో చూస్తే తెర మీద రెండు కొండలు లేస్తాయి. మొదట వచ్చేది రెండు గ్లూకోజులు తగిలించుకున్న క్వెర్సెటిన్, కాసేపటికి వచ్చేది ఒక్క గ్లూకోజు ఉన్నది. ఎర్రదైనా పసుపుదైనా ఆ రెండు కొండలే. మనం తినే భాగంలోని ఫ్లేవనాల్స్‌లో (క్వెర్సెటిన్ జాతి ఫ్లేవనాయిడ్లలో) 80 శాతం పైమాటే ఈ రెండూ. పక్కన అదే జాతికి చెందిన ఐసోరామ్నెటిన్ తాలూకు చిన్న గుట్టలు. తెల్ల ఉల్లి ఎక్కిస్తే గీత దాదాపు నేలబారుగా పోతుంది. మిషన్ పాడైందేమోనని కొత్తగా చేరిన పిల్లలు కంగారుగా నా దగ్గరకి వచ్చేవాళ్లు.

ఇక ఎర్ర రంగు. అది ఆంథోసయనిన్లది, వాటిని 520 నానోమీటర్ల కాంతిలో చూస్తాం. అవీ ఫ్లేవనాయిడ్లే, కానీ ఎర్ర ఉల్లిలో కూడా మొత్తం ఫ్లేవనాయిడ్లలో వాటి వంతు సుమారు పదో వంతు. మిగతాదంతా కంటికి కనపడని క్వెర్సెటిన్ సరుకే. ఎర్ర ఉల్లి పొర ఒకటి తీసుకుని లోపలికి వంచి విరవండి, సన్నటి చర్మం ఊడొస్తుంది. రంగంతా ఆ చర్మంతోనే వచ్చేసి కింద గుజ్జు తెల్లగా మిగులుతుంది. మనం చూసి మురిసిపోయే ఎరుపు అంత పలచన.

అసలీ రంగుల తేడా ఎందుకంటే, మా కేసీ (కర్నూలు-కడప) కాలువ లెక్కలో చెప్తాను. ఫ్లేవనాయిడ్లు తయారయ్యే దారి ఒక కాలువ అనుకోండి. కొంతదూరం ఒకటే పారుతుంది, తర్వాత రెండుగా చీలుతుంది. ఒక పాయ క్వెర్సెటిన్‌కి, ఒక పాయ ఎర్ర రంగుకి. పసుపు ఉల్లిలో చాలావాటికి డీఎఫ్ఆర్ అనే జన్యువు చెడిపోయి ఉంటుంది, అంటే రెండో పాయ తూము మూసుకుపోయింది. నీళ్లు ఎక్కడికీ పోలేదు, మొదటి పాయలో పారుతున్నాయి. అందుకే పసుపు ఉల్లిలో క్వెర్సెటిన్ దండిగా ఉంటుంది. తెల్ల ఉల్లి కథ వేరు. మొత్తం దారిని నడిపించే జన్యువే అక్కడ పనిచేయదు. తలదగ్గర గేటే మూసేశారు కాబట్టి రెండు పాయలూ ఎండినట్టే. అన్నట్టు, రాయలసీమలో మనం ఉల్లిని ఎర్రగడ్డ అనీ వెల్లుల్లిని తెల్లగడ్డ అనీ అంటాం కదా, తెల్ల ఉల్లి శాంపిల్ మీద మా అటెండరు "తెల్ల ఎర్రగడ్డ" అని చీటీ రాసి అంటించాడొకసారి. అదే పేరు మా రిజిస్టర్లో ఏళ్లపాటు నిలిచిపోయింది.

అంకె కావాలంటే ఒకటి చెప్తాను. 2004లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడి బజార్లో దొరికే పది రకాల ఉల్లినీ, షాలట్లనీ (సాంబారు ఉల్లిలాంటి చిన్న గడ్డలు) కలిపి పరీక్షించారు. వెస్టర్న్ ఎల్లో అనే పసుపు రకంలో 100 గ్రాములకి మొత్తం ఫ్లేవనాయిడ్లు 69 మిల్లీగ్రాముల దాకా వచ్చాయి. వెస్టర్న్ వైట్ అనే తెల్లదాంట్లో 6 కూడా రాలేదు. పదకొండు రెట్ల పైచిలుకు తేడా. గమనించండి, అందులో మొదటి స్థానం ఎర్రదానికి కాదు, పసుపుదానికి వచ్చింది. అన్ని పరీక్షల్లోనూ పసుపే గెలుస్తుందని కాదు. ఎర్ర రకాల్లోనూ పసుపు రకాల్లోనూ ఎక్కువవీ ఉన్నాయి, తక్కువవీ ఉన్నాయి. ఆ రెండు రంగుల మధ్య గీత గీయడం కష్టం. తెల్లదానికీ మిగతావాటికీ మధ్య మాత్రం గీత స్పష్టంగా ఉంటుంది.

స్వీట్ ఆనియన్ సంగతి. జార్జియా రాష్ట్రంలో పండే విడేలియాలాంటివి పొట్టు చూస్తే పసుపు రకాలే. గంధకం తక్కువున్న నేలలో పండడం వల్ల ఘాటు తక్కువ, అందుకని తియ్యగా అనిపిస్తాయి. నీరు ఎక్కువ కాబట్టి బరువుకి బరువు చూస్తే గట్టి పసుపు గడ్డ కంటే కాస్త దిగువే, తెల్లదాని కంటే నయం. ఇక్కడో అపోహ తీసేయాలి: ఘాటుకీ ఫ్లేవనాయిడ్లకీ నేరుగా సంబంధం లేదు. కళ్లమ్మట నీళ్లు తెప్పించేవి గంధకపు పదార్థాలు, వాటి తయారీ దారే వేరు. ఏడిపించే తెల్ల ఉల్లి ఉంటుంది, దాంట్లో క్వెర్సెటిన్ నామమాత్రం. "ఘాటుగా ఉంది, మందు గట్టిగా పనిచేస్తుంది" అని మార్కెట్ యార్డులో వ్యాపారస్తులు చెప్పే మాట క్వెర్సెటిన్ విషయంలో చెల్లదు.

ఇప్పుడు పొరల సంగతికి వస్తాను. ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండు ఎర్ర రకాల్ని పోల్చి రిపోర్టు రాశాను. ఒకదాంట్లో రెండోదానికి సగం కూడా లేదు. రైతు నమ్మలేదు, "రెండూ మా చేలోవే సార్, పక్కపక్క మళ్లు" అన్నాడు. మళ్లీ చేయించాను, ఈసారి ఫలితం తిరగబడింది. రెండు రోజులు యంత్రాన్ని తిట్టుకున్నాక అసలు సంగతి తెలిసింది. శాంపిళ్లు ఒలిచింది ఇద్దరు వేరువేరు మనుషులు. ఒకామె ఎండు పొట్టు మాత్రం తీసింది. ఇంకొకతను శుభ్రంగా ఉండాలని దాని కింద పచ్చిపొర కూడా లాగేశాడు. రెండోసారి వాళ్లు గడ్డలు మార్చుకున్నారు. నేను కొలిచింది రకాల మధ్య తేడా కానే కాదు, ఇద్దరూ ఒలిచిన తీరు.

ఎందుకలా అంటే, ఉల్లిలో ఫ్లేవనాయిడ్లు బయటినుంచి లోపలికి గబగబా తగ్గిపోతాయి. ఎండు పొట్టులో అన్నిటికంటే ఎక్కువ, దాని కింద మొదటి రెండు కండ పొరల్లో తర్వాతి స్థానం, నడిబొడ్డులో ఉన్న లేత పొరల్లో చాలా తక్కువ. గడ్డకి ఈ పొట్టు ఎండకాపూ, బూజు కాపలా కూడా. 1929లోనే అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో లింక్, వాకర్ బృందం రంగు ఉల్లి పొట్టులోంచి ప్రోటోకాటెక్యుయిక్ ఆమ్లం అనే పదార్థాన్ని వేరుచేసి, స్మడ్జ్ అనే నల్లమచ్చ తెగులు రంగు ఉల్లికి అంటకపోవడానికి, తెల్లదానికి అంటడానికి కారణం అదేనని చూపించారు. (ఆ లింకే తర్వాత రక్తం పలచబరిచే వార్ఫరిన్ మందుకి కారకుడయ్యాడు, అది ఇంకో కథ.) తెల్ల ఉల్లి నిల్వ చేసిన వాళ్లనడగండి, మెడ దగ్గర నల్లమచ్చల గురించి చెప్తారు.

కాబట్టి మీ అత్తగారికి చెప్పండి: ఎర్రవి తెచ్చి రెండు పొరలు పారేస్తే, పసుపుది పొట్టు మాత్రం తీసి వాడినవాళ్ల కంటే తక్కువే దక్కుతుంది. ఎర్రదాని విషయంలో ఇంకా నష్టం, ఎందుకంటే ఆ ఎర్ర రంగు ముఖ్యంగా పైపొరల్లోనే ఉంటుంది. పొట్టు రాకపోతే గడ్డని ఐదు నిమిషాలు నీళ్లలో వేసి తీయండి, కింద పొర తెగకుండా వస్తుంది. పైపొర కాస్త వాడి ముడతపడిందని పారేయకండి. పులుసుకి అది చాలు.

మీ అత్తగారు చెప్పినదాంట్లో నిజం ఎక్కడుందంటే, మన వైపు చిన్న గడ్డల్లో. కడప జిల్లా కృష్ణాపురం ఉల్లి అని ఒకటుంది, గులాబీ రంగు, చిన్న గడ్డ, మంచి ఘాటు. కోలారు, చిక్కబళ్లాపురం వైపు పండే బెంగళూరు రోజ్ ఉల్లి కూడా అలాంటిదే, దానికి 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన వంటిళ్లలో ఈ రెండింటి వాడకం తక్కువ, పోయేది మలేసియా, సింగపూర్, థాయిలాండ్, శ్రీలంకలకి. 2020లో కేంద్రం ఉల్లి ఎగుమతులు ఆపేసినప్పుడు కూడా ఈ రెండిటికీ తలా 10,000 టన్నులు చెన్నై రేవు మీదుగా పంపుకోవడానికి వదిలారు. ఇలాంటి చిన్న గడ్డలు గట్టిగా, నీరు తక్కువగా ఉంటాయి. పైగా గడ్డ చిన్నదైనకొద్దీ దాని బరువులో బయటి పొరల వాటా పెరుగుతుంది. సాంబారు ఉల్లికీ ఇదే లెక్క. ఆ కార్నెల్ పరీక్షలో మొత్తం ఫినాలిక్ పదార్థాల్లో (ఫ్లేవనాయిడ్లు కూడా ఆ పెద్ద కుటుంబంలోవే) షాలట్లదే పైచేయి. అయితే అవి ఒలవడం పెద్ద పని కదా, విసుగొచ్చి రెండు పొరలు కలిపి లాగేస్తే వచ్చిన లాభం కాస్తా పోయింది.

మహారాష్ట్ర రాజ్‌గురునగర్‌లోని ఉల్లి, వెల్లుల్లి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన రకాల్లో భీమా రాజ్, భీమా సూపర్ ఎర్రవి, భీమా శ్వేత, భీమా శుభ్ర తెల్లవి. మన దగ్గర రైతులు ఇవి కూడా వేస్తున్నారు. పొడి ఫ్యాక్టరీలకి తెల్లవే కావాలి. రంగు లేకపోవడం, ఎండు పదార్థం ఎక్కువుండడం వాళ్లకి లాభం. గుజరాత్ మహువా వైపు ఫ్యాక్టరీలు ఎక్కువగా తెల్ల ఉల్లి మీదే నడుస్తాయి. అంటే ప్యాకెట్లో కొనే తెల్లటి ఉల్లిపొడిలో ఫ్లేవనాయిడ్ల కోసం వెతకడం దండగ.

నెట్‌లో అంకెలు వెతికేవాళ్లకి ఒక హెచ్చరిక. 100 గ్రాముల ఉల్లికి ఒకచోట 20 మిల్లీగ్రాములనీ, ఇంకోచోట 50 అనీ, మరోచోట 400 అనీ కనిపిస్తే ఎవరో అబద్ధం చెప్తున్నారని అనుకోకండి. క్వెర్సెటిన్ అణుభారం 302. ఒక గ్లూకోజు తగిలితే 464, రెండు తగిలితే 626. అదే గడ్డని ఒకరు క్వెర్సెటిన్‌గా లెక్కకట్టి 30 అంటే, ఇంకొకరు గ్లూకోసైడుగా, అంటే ఒక గ్లూకోజుతో కలిపి, లెక్కకట్టి 46 అంటారు. ఇద్దరూ చెప్పింది ఒకటే. ఉల్లిలో దాదాపు 87 శాతం నీళ్లు కాబట్టి పచ్చి బరువు మీద 30 అయితే ఎండు బరువు మీద 230 అవుతుంది. పొట్టుతో కలిపి రుబ్బితే ఇంకెంతో. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో మామూలు పచ్చి ఉల్లికి 100 గ్రాములకి సుమారు 20 మిల్లీగ్రాముల క్వెర్సెటిన్ అని ఉంటుంది. ఇంటి వాడకానికి ఆ అంచనా చాలు. ఏ బరువు మీద, ఏ రూపంగా, ఎన్ని పొరలు తీసి అన్న మూడూ చెప్పని అంకెని నేనైతే పట్టించుకోను.

ఒకే రకంలో కూడా పంట మారితే తేడా వస్తుంది. ఎండ బాగా తగిలినవీ, పీకాక చేలోనే ఆరబెట్టినవీ నీడన ఆరినవాటి కంటే మెరుగ్గా ఉండడం చూశాను. నిల్వలో క్వెర్సెటిన్ నెలల తరబడి పెద్దగా తగ్గదు. ఎర్ర రంగే ముందు పోతుంది. చాలా రోజులు నిల్వ ఉండి మీ స్టోరుకి చేరిన ఎర్ర ఉల్లి రంగు కాస్త తక్కువైతే కంగారుపడొద్దు.

వంటలో ఎంత పోతుంది? క్వెర్సెటిన్ వేడికి తొందరగా చావదు, నీళ్లలోకి దిగుతుంది. ఉడికించి నీళ్లు వంపేస్తే ఆ నీళ్లతో పోతుంది. ఉల్లి పులుసులో, సాంబారులో దిగిందంతా గిన్నెలోనే ఉంటుంది కాబట్టి నష్టం లేదు. పోపులో మెత్తబడేదాకా వేయిస్తే కొంత పోతుంది. బిర్యానీ మీదకి కరకరలాడేలా నల్లగా వేయిస్తే చాలానే పోతుంది. పచ్చి ఉల్లి ఘాటు తగ్గాలని ఉప్పు వేసి పిసికి నీళ్లతో కడుగుతారు చూడండి, ఆ నీళ్లు గులాబీ రంగులో సింకులోకి పోతుంటాయి. పోయేది ఆంథోసయనిన్లే, వాటితోపాటు కొంత క్వెర్సెటిన్ కూడా. కడిగే బదులు నిమ్మకాయ పిండి పది నిమిషాలు ఉంచండి, రంగు ఇంకా నిగనిగలాడుతుంది. పకోడీ పిండిలో సోడా ఎక్కువైతే ఎర్ర ఉల్లి ముక్కల అంచులు ఆకుపచ్చగా, నీలంగా తిరుగుతాయి, అదీ ఈ ఆంథోసయనిన్ల పనే. చెడిపోలేదు, తినొచ్చు.

ఒంటికి పట్టే సంగతి. 1995లో నెదర్లాండ్స్‌లో పెద్దపేగు తీసేసిన తొమ్మిదిమంది మీద ఒక పరీక్ష చేశారు. పెద్దపేగు లేకపోతే ఎంత లోపలికి పోయిందో నేరుగా లెక్కకట్టొచ్చు. ఉల్లిలోని క్వెర్సెటిన్ 52 శాతం, విడి క్వెర్సెటిన్ మాత్ర 24 శాతం, టీలాంటివాటిలో ఉండే రుటిన్ రూపం 17 శాతం పట్టింది. గ్లూకోజు తగిలి ఉండడమే ఉల్లికి కలిసొచ్చింది. అందుకే క్వెర్సెటిన్ మాత్రలు కొనాలా అని మీరడిగినదానికి నా జవాబు వద్దు. ముఖ్యంగా షుగరు, బీపీ మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా పెద్ద మోతాదు మాత్రల జోలికి పోకూడదు.

మీ అత్తగారితో ఇంకో మాట గట్టిగా చెప్పండి. ఉల్లి తింటే షుగరు తగ్గుతుందని మాత్ర మానేయకూడదు. నేను రసాయనాలు కొలిచేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర చేసే పనిని పాతిక మిల్లీగ్రాముల క్వెర్సెటిన్ చేయలేదని చెప్పడానికి మాత్రం వైద్యుడక్కర్లేదు. ఉల్లి ఎక్కువైతే గ్యాస్ పట్టేవాళ్లున్నారు, వాళ్లకి అరగడ్డ చాలు.

చివరగా మీరడిగిన పొట్టు కషాయం. పొట్టులో క్వెర్సెటిన్ ఎక్కువే, కానీ చక్కెర ఊడిపోయిన రూపంలో ఉంటుంది, అది నీళ్లలో సరిగా కరగదు, ఒంటికీ అంత బాగా పట్టదు. పైగా పొట్టు కింద నల్లటి పొడిలా కనిపించే బూజూ, మందుల అవశేషాలూ మొదట ఉండేది అక్కడే. నేను తాగను, మీకూ చెప్పను. కావాలంటే మూడు రంగుల పొట్టూ మూడు గిన్నెల్లో విడివిడిగా మరిగించి పిల్లలకి చూపించండి. తెల్లదాని నీళ్లు గంజిలా ఉంటాయి, పసుపుదానివి తేనె రంగు, ఎర్రదానివి ఇటుక రంగు. పసుపుదాంట్లో చిటికెడు పటిక వేస్తే నిమిషంలో పసుపుపచ్చగా మెరుస్తుంది, క్వెర్సెటిన్ అల్యూమినియంని పట్టుకోవడం వల్ల వచ్చే రంగది. మా ల్యాబులో కూడా మొదట ఆ రంగునే కొలిచేవాళ్లం. అందులో ఒక తెల్ల నూలు రుమాలు ముంచి గంటసేపు ఉంచండి, మీ అత్తగారికి పసుపు ఉల్లిలో ఏముందో కంటికి కనపడుతుంది.